వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్: ఇద్దరి సెలవుకు రెండు రాజధానులు చాలు, ఏ రెండు?

ఇద్దరే కలిసి వెళ్లే తొలి యూరప్ ప్రయాణానికి మామూలుగా దొరికేది వారం, మహా అయితే తొమ్మిది రోజుల సెలవు. ఆ రోజుల్లోనే ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ చుట్టేద్దామని చాలామంది మ్యాపు ముందేసుకుని కూర్చుంటారు. మ్యాపులో అవి పక్కపక్కనే కనిపిస్తాయి, నిజమే. కానీ ఊరు మారిన ప్రతిసారీ హోటల్ ఖాళీ చేయాలి, పెట్టెలు లాక్కుంటూ స్టేషన్‌కు చేరాలి, రైల్లో కూర్చోవాలి, దిగాక కొత్త ఊరి మెట్రో అర్థం చేసుకోవాలి, గది తాళం ఇచ్చేదాకా లాబీలో కాచుకోవాలి. దీనికి దాదాపు ఒక రోజు పోతుంది. ఏడు రాత్రుల్లో మూడు ఊళ్లు పెట్టుకుంటే రెండు రోజులు ఇలాగే కరిగిపోతాయి. మొదటి రోజు నిద్రలేమికి, చివరి రోజు విమానాశ్రయానికి ఎలాగూ రాసిచ్చేయాలి. అందుకే రెండు ఊళ్లే. తేల్చుకోవాల్సింది ఏ రెండన్నదే.

ఫొటోలు చూసి తేల్చుకోవడం కష్టం, దేని అందం దానిదే. మేం వాడే కొలత వేరు. ఆ ఊరు రోజులో ఏ వేళ తన అందమంతా చూపిస్తుంది, మీ ఇద్దరూ ఏ వేళ హుషారుగా ఉంటారు? ప్రాగ్ తెల్లవారుజాము ఊరు. వియన్నా మధ్యాహ్నం మొదలై రాత్రి పది దాకా గోడల లోపల విచ్చుకునే ఊరు. బుడాపెస్ట్‌ను దీపాలు వెలిగాక చూడాలి. ఈ మూడు మాటలూ గుర్తుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ప్రాగ్: పొద్దున్నే లేవగలిగితేనే

చార్లెస్ వంతెన పని 1357లో మొదలైంది. 516 మీటర్ల పొడవు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు, ఒక చివర పాతబస్తీ, ఇంకో చివర కోట కింది మలా స్ట్రానా పేట. వేసవిలో పది గంటల తర్వాత దాని మీద నడవడమంటే తిరునాళ్లలో నడవడమే. ఫొటో తీస్తే అవతలివాళ్ల సెల్ఫీ కర్ర మీ భుజం మీద ఉంటుంది. అదే జూన్‌లో అయిదింటికి ముందే తెల్లవారుతుంది. అయిదున్నర నుంచి ఏడు దాకా ఆ వంతెన దాదాపు మీ ఇద్దరిదే. అటునుంచి అటే కోట మెట్లెక్కేయవచ్చు. కోట ఆవరణ పొద్దున ఆరింటికే తెరుస్తారు, ప్రాంగణాల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. సెయింట్ వీటస్ చర్చి లోపలి భాగానికి, పాత రాజభవనానికి మాత్రం టికెట్ కొనాలి, అవి తొమ్మిదింటికి గానీ తెరవరు.

హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌కు తొమ్మిదిన్నరకు దిగే అలవాటున్న జంటకు ప్రాగ్ చూపించేది జనాన్నే. ఈ ఒక్క విషయంలో మీ ఇద్దరి మధ్య ముందే నిజాయితీగా మాట జరగాలి. సెలవుల్లో కూడా అలారం పెట్టుకోవాలా అని ఒకరు అడిగితే, ప్రాగ్‌ను ఇంకోసారికి ఉంచుకోండి.

పాతబస్తీ కూడలిలోని ఖగోళ గడియారం 1410 నాటిది. గంటకోసారి అపొస్తలుల బొమ్మలు కదిలే ఆ కాసేపటి కోసం ముందు పావుగంట నుంచీ జనం మెడలెత్తి నిలబడతారు. జేబుదొంగలకు పని దొరికేది సరిగ్గా అప్పుడే. పాస్‌పోర్టులు, కార్డులు వెనక జేబులోనో భుజానికి వేలాడే సంచిలోనో ఉంటే గడియారం వైపు చూడకపోవడమే మంచిది.

ప్రాగ్‌లో ఇంకో ఇబ్బంది కాలికింది రాళ్లు. పాత వీధులన్నీ చిన్న చిన్న రాతి దిమ్మెలు పరిచినవి. ట్రాలీ పెట్టె చక్రాలు వాటి మీద రెండు వీధులు దాటేసరికి పట్టు తప్పుతాయి. పలుచని అడుగున్న చెప్పులతో సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

వియన్నా: లోపలికి వెళ్లేవాళ్లకు

వియన్నాను బస్సులోంచి చూసి, భవనాలన్నీ తెల్లగా పెద్దగా ఉన్నాయి, అంతే అని వచ్చేసేవాళ్లున్నారు. వాళ్ల తప్పు లేదు, ఈ ఊళ్లో చూడాల్సినవి గోడల లోపల ఉంటాయి. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో 1,441 గదులున్నాయి, సందర్శకులకు చూపేది నలభై దాకా. టికెట్ మీద లోపలికి వెళ్లే సమయం ముద్రించి ఉంటుంది. అక్కడికి వెళ్లి కొందామంటే వేసవిలో రెండు మూడు గంటల తర్వాతి సమయం ఇస్తారు, కాబట్టి ఆన్‌లైన్‌లోనే తీసుకోండి. వెనకున్న తోట, గుట్ట మీది గ్లోరియెట్ మండపం దాకా నడక ఉచితం. ఎగువ బెల్వెడేర్ ప్యాలెస్‌లో క్లిమ్ట్ గీసిన ‘ముద్దు’ అనే చిత్రం ఉంది. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో బ్రూగెల్ చిత్రాలకే ఒక గది ఉంది. ‘బాబెల్ గోపురం’ ముందు బల్ల మీద కూర్చుని దగ్గరగా చూస్తే రాళ్లు చెక్కే కూలీలు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా తప్ప ఈ మ్యూజియానికి సోమవారం సెలవు.

ఇక ఒపేరా. జంటగా వెళ్లినవాళ్లు వియన్నాలో ఒక్క సాయంత్రం దీనికి కేటాయించాలని గట్టిగా చెబుతాం, సంగీతం తెలియకపోయినా సరే. ఇక్కడి ఒపేరా భవనం స్టాట్స్‌ఓపర్ 1869లో తెరుచుకుంది. మంచి సీటుకు రెండు వందల యూరోలు దాటుతుంది. నిలబడి చూసే చోటుకు, అంటే ష్టేప్లాట్స్‌కు, ఇరవై యూరోల లోపే. ఆ టికెట్లు ప్రదర్శన రోజు పొద్దున పదింటికి ఆన్‌లైన్‌లో పెడతారు. మిగిలినవి ఆట మొదలయ్యే 80 నిమిషాల ముందు ఒపేరా వీధి వైపున్న కౌంటర్‌లో అమ్ముతారు. లోపలికి వెళ్లాక మీ చోటు ముందున్న కమ్మీకి ఒక చున్నీయో రుమాలో కట్టేస్తే ఆ చోటు మీదే, తీరిగ్గా మంచినీళ్లు తాగి రావచ్చు. ఇది అక్కడ అందరూ పాటించే ఆనవాయితీ. కమ్మీకి అమర్చిన చిన్న తెరలో పాట అర్థం ఇంగ్లిష్‌లో వస్తుంటుంది. కోట్లు, పెద్ద సంచులు కింద అప్పగించాలి. నిక్కర్లతో వెళ్లకండి, చీర నిక్షేపంగా సరిపోతుంది. మూడు గంటలు నిలబడలేకపోతే విరామంలో బయటికి వచ్చేయండి, ఆ డబ్బుకు ఒక అంకం చాలు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే జులై, ఆగస్టు నెలల్లో ఒపేరా మూసేస్తారు. ఆ రోజుల్లో విగ్గులు, మోజార్ట్ కోట్లు వేసుకుని రోడ్డు మీద టికెట్లు అమ్మేవాళ్లు చూపించేవి వేరే హాళ్లలో పర్యాటకుల కోసం జరిపే కచేరీలు, ఒపేరా కాదు.

కాఫీ హౌసుల గురించి ఒక్క మాట. ఒక మెలాంజ్, అంటే పాలనురుగు వేసిన కాఫీ, చెప్పి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. పళ్లెంలో కాఫీతోపాటు చిన్న గ్లాసులో నీళ్లు పెడతారు. అవి 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటల్లోంచి గొట్టాల్లో వచ్చే నీళ్లు. ఇంట్లో కుళాయిలో వచ్చేవీ అవే, కాబట్టి సీసా నీళ్లకు డబ్బు పెట్టకండి.

ఆదివారం వియన్నాలో దుకాణాలు, సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి, పెద్ద స్టేషన్లలోవి తప్ప. షాపింగ్ ముఖ్యమైతే ఆదివారం ఇంకో ఊళ్లో పడేలా చూసుకోండి.

బుడాపెస్ట్: సాయంత్రం ఆరు తర్వాత

బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్లు 1873లో ఒకటై బుడాపెస్ట్ అయ్యాయి. బుడా వైపు గుట్టలు, పెస్ట్ వైపు మైదానం, మధ్యలో డాన్యూబ్. పార్లమెంటు భవనం నది ఒడ్డునే 268 మీటర్ల పొడవున ఉంటుంది. పగటి పూట చూస్తే గొప్ప భవనం, అంతే. చీకటి పడి దీపాలు వేశాక అది నీళ్లలో బంగారు రంగులో రెండోది మొలిచినట్టు కనిపిస్తుంది. నదికి అవతల, బుడా వైపు, బాత్యానీ తేర్ మెట్రో స్టేషన్ బయట గట్టు మీద నిలబడితే సరిగ్గా ఎదురుగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. పడవ షికారుకు వెళ్లేట్టయితే సూర్యాస్తమయం అయ్యాక అరగంటకు బయల్దేరే పడవను ఎంచుకోండి. వెలుతురుండగా బయల్దేరిన పడవ దీపాలు వెలిగేసరికి ఒడ్డుకు చేరిపోతుంది. జూన్‌లో పావు తక్కువ తొమ్మిదికి పొద్దుగుంకుతుంది, డిసెంబర్‌లో నాలుగింటికే.

నది పక్కనే పోయే 2వ నంబర్ ట్రాం మామూలు టికెట్‌తోనే ఇదంతా చూపిస్తుంది. కోట గుట్ట ఎక్కడానికి ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో లాగే రైలు, దగ్గర పొడుగు క్యూ, ఎక్కువ ధర. దేయాక్ తేర్‌లో 16వ నంబర్ బస్సు ఎక్కితే మామూలు టికెట్‌తో పైన దింపుతుంది. ఊళ్లో M1 మెట్రో 1896 నాటిది, ఐరోపా ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ రైలు. చిన్న పసుపు బోగీలు, పలకల గోడలు, రోడ్డు కింద కొన్ని మెట్లు దిగితే చాలు. ఇదే మిమ్మల్ని సేచెని స్నానశాలకు తీసుకెళ్తుంది.

ఈ స్నానశాలలే బుడాపెస్ట్‌ను మిగతా రెండింటి నుంచి వేరు చేస్తాయి. సేచెని 1913లో తెరిచారు. బయట మూడు, లోపల పదిహేను కొలనులు. నేల లోపలి నుంచి నీళ్లు 70 డిగ్రీలకు పైబడిన వేడితో వస్తాయి, చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. బయటి వేడి కొలను 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలికాలంలో గాలి సున్నాకు దిగినప్పుడు తల చుట్టూ ఆవిరి, మెడ దాకా వేడినీళ్లు. ఆ అనుభవం కోసం నవంబర్, ఫిబ్రవరి మధ్య వెళ్లడం నిజంగా విలువైనది.

వెళ్లే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. టికెట్లలో లాకర్, క్యాబిన్ అని రెండు రకాలు. లాకర్ తీసుకుంటే ఆడవాళ్ల, మగవాళ్ల గదుల్లో వేర్వేరుగా బట్టలు మార్చుకుని మళ్లీ ఒకరినొకరు వెతుక్కోవాలి. ఇద్దరికీ కలిపి ఒక క్యాబిన్ తీసుకుంటే ఆ గొడవ ఉండదు, తేడా కూడా కొద్దిపాటిదే. చేతికిచ్చే బ్యాండే తాళంచెవి. తువ్వాలు, రబ్బరు చెప్పులు హోటల్ నుంచి తీసుకెళ్లండి, అక్కడ కొంటే ఖరీదు. ఈత బట్టతో కుట్టినవే వేసుకోవాలి, కాటన్ టీషర్టుతో కొలనులోకి దిగనివ్వరు. ఒళ్లు కప్పే సూట్ కావాలనుకునే ఆడవాళ్లు మన దగ్గరే ఈత బట్టలో పొడుగు చేతులది కొనుక్కుని వెళ్లడం నయం. పొడుగ్గా ఈత కొట్టే కొలనుకు తల టోపీ తప్పనిసరి. ఖనిజాలున్న ఆ వేడినీళ్లలో వెండి మెరుపు తగ్గవచ్చు, మెట్టెలు, పట్టీలు తీసి హోటల్‌లోనే పెట్టండి. 38 డిగ్రీల నీళ్లలో ఒక విడతకు ఇరవై నిమిషాలు దాటకూడదు. లేవగానే కళ్లు తిరిగేది అందుకే, నీళ్లు తాగుతూ ఉండాలి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగే వెళ్లాలి.

రుదాష్ ఇంకో రకం. పదహారో శతాబ్దంలో తురుష్కులు కట్టిన గుమ్మటం, దాని కింద ఎనిమిది మూలల కొలను. కానీ ఆ పాత భాగంలోకి వారంలో కొన్ని రోజులు మగవాళ్లను, మంగళవారం ఆడవాళ్లను మాత్రమే పంపుతారు. జంటగా వెళ్లాలంటే శని, ఆదివారాలు చూసుకోండి. డాబా మీది వేడి తొట్టి మాత్రం అందరిదీ, అక్కడ కూర్చుంటే డాన్యూబ్ కాళ్ల కింద ఉంటుంది. అందరూ పేరు విన్న గెల్లెర్ట్ స్నానశాల 2025 అక్టోబర్ నుంచి మరమ్మతులకు మూతపడింది, దాని ఫొటోలు చూసి ఆశపడకండి.

ఏ రెండు ఊళ్లు ఏ జంటకు

వియన్నా, బుడాపెస్ట్ మధ్య రైలు రెండు గంటల నలభై నిమిషాలు, రోజంతా దాదాపు గంటకొకటి. వియన్నా, ప్రాగ్ మధ్య నాలుగు గంటలు. ప్రాగ్, బుడాపెస్ట్ మధ్య బ్రాటిస్లావా మీదుగా ఏడు గంటల దగ్గర.

తొలిసారి వెళ్లేవాళ్లకు మా ఓటు వియన్నా, బుడాపెస్ట్‌కే. ప్రయాణం తక్కువన్నది ఒక కారణం. అసలు కారణం, ఈ రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. వియన్నాలో మ్యూజియాల్లో, ప్యాలెస్‌లలో నాలుగు రోజులు నడిచిన కాళ్లకు బుడాపెస్ట్‌లో వేడినీళ్లు దొరుకుతాయి. వియన్నాలో తెగిన పర్సుకు బుడాపెస్ట్‌లో ఊపిరి ఆడుతుంది. రెండింటిలోనూ తొందరగా లేవాల్సిన పని లేదు. అందుకే ముందు వియన్నా నాలుగు రాత్రులు, తర్వాత బుడాపెస్ట్ మూడు రాత్రులు. ఈ వరస తిప్పేస్తే సుఖం ముందు, శ్రమ తర్వాత అవుతుంది.

ప్రాగ్, వియన్నా జోడీ ఎవరికంటే, పొద్దున్నే లేచేవాళ్లకు, సందులు గొందులు తిరగడం ఇష్టమున్నవాళ్లకు, క్రిస్మస్ సంతల కోసం డిసెంబర్‌లో వెళ్లేవాళ్లకు. వియన్నా రాట్‌హౌస్ (నగరపాలక భవనం) ముందు సంత నవంబర్ మధ్యలో మొదలై 26 డిసెంబర్‌కు ముగుస్తుంది, ప్రాగ్ పాతబస్తీ కూడలిలోది 6 జనవరి దాకా ఉంటుంది. డిసెంబర్ చివర్లో సెలవు దొరికితే ఆ రోజులు లెక్క చూసుకుని, ముందు వియన్నా, తర్వాత ప్రాగ్ పెట్టుకోండి.

ప్రాగ్, బుడాపెస్ట్ జోడీని తొలి ప్రయాణానికి సిఫారసు చేయం. డబ్బు కాస్త మిగులుతుంది గానీ ఒక పూర్తి రోజు రైల్లో పోతుంది. అయినా వెళ్లేవాళ్లు పగటి రైలే ఎక్కి డైనింగ్ కారులో కూర్చోండి. బుడాపెస్ట్‌కు ముందు చివరి గంటలో రైలు డాన్యూబ్ మలుపును ఆనుకుని పోతుంది, దారి మొత్తానికి అదే అందమైన భాగం.

వీసాలో తప్పు జరిగేది ఇక్కడే

మూడూ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు, ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గరే పొరపాట్లు. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారినంత మాత్రాన జర్మనీకి దరఖాస్తు చేయరు. వియన్నా నాలుగు, బుడాపెస్ట్ మూడు అయితే ఆస్ట్రియాకు చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకలేదని ఇంకో దేశానికి దరఖాస్తు చేసి, హోటల్ బుకింగులు మాత్రం పాతవే పెడితే తిరస్కరణకు మీరే కారణం చూపించినట్టవుతుంది. అందుకే మూడున్నర, మూడున్నర అన్నట్టు బొటాబొటిగా పంచుకోకుండా ఒక రాత్రి తేడా స్పష్టంగా ఉంచండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి. భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు పెళ్లికి ముందుది, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోటి ఉంటే కంగారు పడనక్కర్లేదు. విమానం టికెట్, బీమా, హోటల్ మూడూ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండాలి, అక్షరం తేడా లేకుండా.

హైదరాబాద్ నుంచి ఈ మూడింటికీ నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహాల మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లాలి. రానుపోను ఒకే ఊరికి కాకుండా మల్టీ సిటీ అని పెట్టి వియన్నాకు వెళ్లి బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చేలా వెతకండి. ధర చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది, వెనక్కి రైలెక్కే సగం రోజు మిగులుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారేట్టయితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. ఇప్పుడు కొత్త విధానంలో మొదటిసారి వెళ్లేవాళ్ల వేలిముద్రలు, ఫొటో సరిహద్దులో తీసుకుంటున్నారు, క్యూ కదలడానికి సమయం పడుతుంది. గంటన్నరలో మారే టికెట్ కొనకండి, మూడు గంటలుంటే నిశ్చింత.

రైలు, టికెట్లు, పర్సు

రైలు టికెట్ ముందుగా కొంటే మనిషికి 15 నుంచి 25 యూరోల్లో వస్తుంది, ప్రయాణం దగ్గరపడ్డాక రెట్టింపు దాటుతుంది. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తర్వాతి రైలెక్కితే కుదరదు. ఒకే రైలుకు ఆస్ట్రియా రైల్వే యాప్‌లో ఒక ధర, హంగరీ లేదా చెక్ రైల్వే యాప్‌లో ఇంకో ధర ఉండవచ్చు, రెండూ చూడండి. టికెట్ వేరు, సీటు వేరు అన్నది మనవాళ్లు మరిచిపోయే విషయం. రిజర్వేషన్‌కు మరో మూడు యూరోలో ఎంతో కట్టకపోతే శుక్రవారం సాయంత్రం వియన్నా నుంచి నిలబడి వెళ్లాల్సి వస్తుంది. బుడా వైపు హోటల్ తీసుకున్నవాళ్లు చివరి స్టేషన్ కెలెటి దాకా పోకుండా ముందే వచ్చే కెలెన్‌ఫోల్డ్‌లో దిగితే దగ్గర.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే దారి మూడు చోట్లా మూడు రకాలు. వియన్నాలో ఊరి పాస్ విమానాశ్రయం దాకా చెల్లదు, పై దూరానికి అదనపు టికెట్ కొనాలి. ప్రధాన రైల్వే స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కు మామూలు రైల్లో పావుగంట చిల్లర, ఖరీదైన ప్రత్యేక రైలు అవసరం లేదు. ప్రాగ్‌లో ఊరి టికెట్టే చెల్లుతుంది, 59 నంబర్ ట్రాలీబస్సు A లైన్ మెట్రో దగ్గర దింపుతుంది. బుడాపెస్ట్‌లో 100E బస్సు నేరుగా ఊరి మధ్యకు వెళ్తుంది, కానీ దానికి వేరే టికెట్. ఊరి పాస్ చేతిలో పట్టుకుని అదెక్కినవాళ్లకు జరిమానా పడుతుంది. వియన్నాలో మెట్రోకు గేట్లుండవు కాబట్టి టికెట్ అక్కర్లేదనుకోవద్దు. కాగితం టికెట్‌ను నీలం పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. మామూలు బట్టల్లో తనిఖీ చేసేవాళ్లు పట్టుకుంటే వంద యూరోలకు పైనే.

వియన్నాలో యూరో, ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్. యూరోకు సుమారు 25 కొరునాలు, ఫోరింట్లు నాలుగు వందలకు కొద్దిగా అటూ ఇటూ. ఫోరెక్స్ కార్డులో యూరోలు వేసుకుని వెళ్లి అక్కడ గీకితే చాలు. మెషీను ‘రూపాయల్లో కట్టమంటారా, ఫోరింట్లలోనా’ అని అడుగుతుంది. ప్రతిసారీ స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయలు తెలిసిన లెక్క కదా అని అది నొక్కితే వాళ్లు వేసుకునే మారకపు రేటుకు మీరు ఒప్పుకున్నట్టే. నగదు బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తీయండి, పర్యాటక వీధుల్లో విడిగా నిలబెట్టిన వాటిలో రేటు దారుణంగా ఉంటుంది. ప్రాగ్‌లో రోడ్డు మీద మంచి రేటిస్తామని వచ్చేవాళ్లు చేతిలో పెట్టేవి చెల్లని వేరే దేశపు నోట్లు. చెక్ దేశంలో మారకపు దుకాణంలో మోసపోయామనిపిస్తే, 1,000 యూరోల లోపు లావాదేవీని మూడు గంటల్లోపు రద్దు చేయించుకునే హక్కుంది, రసీదు పారేయకండి.

గది అద్దెలు మామూలు మూడు నక్షత్రాల డబుల్ రూముకు వియన్నాలో 110 నుంచి 160 యూరోలు, ప్రాగ్‌లో 90 నుంచి 140, బుడాపెస్ట్‌లో 70 నుంచి 120 అనుకోండి, పండగల్లో ఇంకా పైకి. వియన్నాలో 4, 6, 7 జిల్లాల్లో మెట్రోకు అయిదు నిమిషాల దూరం చాలు. ప్రాగ్‌లో వినోహ్రాడీ, కార్లీన్ నిశ్శబ్దంగా ఉంటాయి. బుడాపెస్ట్‌లో 5, 6 జిల్లాలు. 7వ జిల్లాలో బార్ల సందడి తెల్లవారుదాకా, చవకని తీసుకుంటే నిద్ర ఉండదు. జులై, ఆగస్టుల్లో అయితే ఏసీ ఉందని రాసి ఉందో లేదో చూసే బుక్ చేయండి, పాత భవనాల హోటళ్లలో చాలాచోట్ల ఉండదు, ఎండ 35 డిగ్రీలకు చేరుతుంది.

తిండి

మాంసాహారులకు మూడు ఊళ్లలోనూ ఇబ్బంది లేదు. శాకాహారులకు వియన్నా సులువు, ప్రాగ్ ఫరవాలేదు, బుడాపెస్ట్‌లో జాగ్రత్త. అక్కడి ఇంటివంటలో పందికొవ్వు వాడే అలవాటుంది, కూరగాయల సూప్ అని రాసినా మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండవచ్చు. మాంసం లేకుండా అనడానికి వియన్నాలో ‘ఓనె ఫ్లైష్’, ప్రాగ్‌లో ‘బెజ్ మసా’, బుడాపెస్ట్‌లో ‘హూష్ నెల్క్యుల్’. బుడాపెస్ట్‌లో లాంగోష్ తినాలి. పులిసిన మైదాపిండిని చేత్తో సాగదీసి నూనెలో వేయించి, మీద వెల్లుల్లి నీళ్లు రాసి, పుల్లమీగడ, చీజు తురుము వేస్తారు. ఒకటి చెప్పి ఇద్దరూ పంచుకోండి. కారం లేక నాలుక చచ్చిపోయిందనిపిస్తే సూపర్‌మార్కెట్‌లో ఎరోష్ పిష్టా సీసా కొనండి. ఉప్పు కలిపి రుబ్బిన మిరపపండ్ల ముద్ద, మన పండుమిరప పచ్చడికి దూరపు చుట్టం. ప్రాగ్‌లో వేయించిన చీజు, అంటే స్మజెనీ సీర్, ఆలుగడ్డ అట్లు, అంటే బ్రాంబోరాక్, శాకాహారులకు అండ.

ఇంటి నుంచి పట్టుకెళ్లేవాటిలో ఆవకాయ, కందిపొడి, అటుకులు పర్వాలేదు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, మటన్ పచ్చడి ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ప్లగ్గులు సన్నని రెండు గుండ్రటి కాళ్లవి. మన ఫోను చార్జరు పడుతుంది, మూడు కాళ్ల కుక్కర్ ప్లగ్గుకు అడాప్టర్ కావాలి.

మిగిలిన ఒక రోజు

ఎనిమిదో రాత్రి దొరికితే దాన్ని మూడో రాజధానికి ఖర్చు పెట్టకండి. వియన్నాలో ఉండగా బ్రాటిస్లావా రైల్లో గంట దూరం, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు, గది తీసుకోవాల్సినంత ఊరు కాదు. ప్రాగ్ నుంచి కుత్నా హోరా అనే పాత ఊరు కూడా గంటే. బుడాపెస్ట్ నుంచి అయితే సెంతెన్‌డ్రె అనే రంగురంగుల చిన్న ఊరు లోకల్ రైల్లో నలభై నిమిషాలు, అందరూ అక్కడికే వెళ్తారు. మేమైతే బాలాతోన్ సరస్సు ఒడ్డున ఉన్న బాలాతోన్‌ఫ్యురెద్‌కు వెళ్లమంటాం, రైల్లో రెండు గంటల చిల్లర. 1926లో రవీంద్రనాథ్ టాగోర్ గుండె వైద్యం కోసం అక్కడి ఆస్పత్రిలో ఉన్నారు. వెళ్లే ముందు సరస్సు గట్టున ఒక లిండెన్ మొక్క నాటారు. ఆ గట్టు దారికి ఇప్పుడు ఆయన పేరే, ‘తగోరె షేతాన్య్’. మే నుంచి సెప్టెంబర్ మధ్య అయితే ఈత బట్టలు సంచిలో వేసుకోండి, సరస్సు ఒడ్డు దగ్గర లోతు తక్కువ, నీళ్లు తొందరగా వెచ్చబడతాయి. సాయంత్రం తిరుగు రైలు సమయం చూసుకుని స్టేషన్‌కు అరగంట ముందే బయల్దేరండి, గట్టు నుంచి స్టేషన్‌కు నడక కాస్త ఎక్కువే.